తూము ఎంతో పారుదల అంతే
చిన్న వ్యాపారానికి రౌటరు, స్విచ్చి ఎంచుకోవడం ఎలా?

కాలవ కింద చెరకు వేసే రైతుకి నీటి లెక్క ఎవరూ నేర్పక్కర్లేదు. కాలవ నిండా నీళ్లు వదిలినా, చేని గట్టున తూము బెత్తెడుంటే బెత్తెడు నీళ్లే పారతాయి. అదే రైతు కొడుకు అనకాపల్లి జిల్లా చోడవరం మెయిన్ రోడ్డు మీద ఎరువుల కొట్టు పెట్టాడనుకుందాం. రెండు బిల్లింగ్ కంప్యూటర్లు, ఒక ప్రింటరు, ఆరు సీసీ కెమెరాలు, కౌంటరు మీద యూపీఐ సౌండ్ బాక్స్. సాయంత్రం రద్దీ వేళ బిల్లు తెర మీద చక్రం తిరుగుతూనే ఉంటుంది. 100 ఎంబీపీఎస్ ప్లాన్ చాలట్లేదేమోనని 200కి మారతాడు. నెల బిల్లు పెరుగుతుంది, చక్రం మాత్రం ఆగదు. కాలవలో నీళ్లకి కొదవలేదు. ఇరుకంతా గట్టు మీది తూములో ఉంది. కొట్టులో ఆ తూము మూడు వస్తువులు: రౌటరు, స్విచ్చి, వాటిని కలిపే కేబులు.

ఈ మూడింటినీ తక్కువ డబ్బుతో నికరంగా అమర్చుకోవచ్చు. డబ్బు ఎక్కడ పెట్టాలో, ఎక్కడ మిగుల్చుకోవచ్చో తెలిస్తే చాలు.

కాలవ ఊళ్లోకి వచ్చేసింది

2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ఆంధ్రప్రదేశ్ ఫైబర్ గ్రిడ్‌ని ప్రారంభించారు. భూమి తవ్వే ఖర్చు, ఆలస్యం లేకుండా కరెంటు స్తంభాల మీదుగానే గాజు తీగ లాగడం ఆ పథకం ప్రత్యేకత. దాని నిర్వహణ కేంద్రాన్ని విశాఖపట్నంలో పెట్టారు. నెలకి 149 రూపాయలకే 15 ఎంబీపీఎస్ నెట్టు, టీవీ, ఫోను ఇస్తామన్నారు. ఇప్పుడు 15 ఎంబీపీఎస్ అంటే ఇంట్లో పిల్లలే పెదవి విరుస్తారు. బయట వేగం అంతగా పెరిగింది. కొట్టు లోపలి సామాను మాత్రం చాలాచోట్ల పాతదే.

ఫైబర్ వాళ్లు గోడకి బిగించే చిన్న పెట్టెని ఓఎన్‌టీ అంటారు. గాజు తీగలో వచ్చే వెలుగుని విద్యుత్ సంకేతంగా మార్చడం దాని పని. వాళ్లు ఇచ్చే చాలా పెట్టెల్లో రౌటరు కూడా కలిసే ఉంటుంది. ఈ సంగతి తెలియక దాని వెనక ఇంకో రౌటరు కొని తగిలిస్తారు. అప్పుడు చిరునామాల మార్పిడి రెండుసార్లు జరిగి, కెమెరాలు బయటి నుంచి చూడటం, ప్రింటరు పంచుకోవడం లాంటివి మొరాయిస్తాయి. కొత్త రౌటరు కొంటే ఓఎన్‌టీని బ్రిడ్జ్ మోడ్‌లో, అంటే అందులోని రౌటరు పని ఆపేసి, పెట్టమని ఆపరేటర్ని అడగండి. వైఫై దూరం పెంచుకోవడానికే కొంటే, కొత్తదాన్ని యాక్సెస్ పాయింట్ మోడ్‌లో పెట్టుకోండి.

ఎవరి పని ఏది

స్విచ్చి లోపలి మనిషి. కొట్టులోని యంత్రాల మధ్య సమాచారం అటూ ఇటూ అందించడమే దాని పని. ప్రతి యంత్రానికీ తయారీలోనే ఇచ్చిన 48 బిట్ల గుర్తింపు సంఖ్య ఒకటుంటుంది. ఏ సంఖ్య ఏ పోర్టు (కేబులు గుచ్చే చోటు) వైపు ఉందో స్విచ్చి తనంతట తానే చూసి గుర్తుపెట్టుకుంటుంది. బిల్లింగ్ కంప్యూటరు ప్రింటరుకి పంపిన బిల్లుని ప్రింటరుకే ఇస్తుంది, మిగతా పోర్టుల్ని కదపదు.

ఈ తెలివి మొదటినుంచీ లేదు. 1973లో అమెరికాలోని జిరాక్స్ పరిశోధనశాలలో బాబ్ మెట్‌కాఫ్ ఈథర్‌నెట్‌కి రూపమిచ్చినప్పుడు యంత్రాలన్నీ ఒకే తీగని పంచుకునేవి. ఒకటి మాట్లాడుతుంటే మిగతావి ఊరుకోవాలి, రెండు కలబడితే రెండూ మళ్లీ మొదలుపెట్టాలి. 1990లో ‘కల్పన’ అనే కంపెనీ ఏడు పోర్టుల ఈథర్‌నెట్ స్విచ్చిని మార్కెట్లోకి తెచ్చింది. సంస్థాపకుల్లో ఒకరు వినోద్ భరద్వాజ్. 1994లో సిస్కో ఆ కంపెనీని కొనేసింది. అప్పట్లో పెద్ద సంస్థలకే అందిన ఆ వస్తువు నేడు అరచేతి పెట్టెలో దొరుకుతోంది.

రౌటరు గుమ్మం దగ్గరి మనిషి. లోపలి యంత్రాలకి 192.168తో మొదలయ్యే సొంత చిరునామాలు ఇస్తుంది. అవి బయట చెల్లవు. లోపలివాళ్లందరి తరఫునా తన ఒక్క చిరునామాతో బయటికి వెళ్లి, వచ్చిన జవాబుని ఎవరిది వాళ్లకి పంచుతుంది. అడగకుండా బయటి నుంచి వచ్చినదాన్ని గుమ్మంలోనే ఆపుతుంది. కాబట్టి రౌటరుని ఎంచేటప్పుడు భద్రత చూడాలి, స్విచ్చిని ఎంచేటప్పుడు పోర్టులు చూడాలి.

పెట్టె మీద ఏం చదవాలి

చాలామంది మోసపోయేది ఇక్కడే. రౌటరు పెట్టె మీద ‘ఏసీ 1200’ అని పెద్దక్షరాల్లో ఉంటుంది. 2.4 గిగాహెర్ట్జ్ వైఫై 300, 5 గిగాహెర్ట్జ్ వైఫై 867, రెండూ కలిపి సుమారుగా 1200 అన్నమాట. ఒక ఫోను ఒక వేళలో ఆ రెండింట్లో ఒకదాన్నే పట్టుకుంటుంది. అదే పెట్టె వెనక వైపు చిన్నక్షరాల్లో ‘10/100’ పోర్టులని ఉంటే, 200 ప్లాన్ పెట్టుకున్నా దానిలోంచి 100 దాటి రాదు. మన ఎరువుల కొట్టులో చక్రం తిరగడానికి ఇదొక కారణం కావచ్చు. ‘10/100/1000’ లేదా ‘గిగాబిట్’ అని పోర్టుల దగ్గర రాసి ఉన్నదే కొనండి. రెండింటి ధరల్లో తేడా తరచూ కొన్ని వందల రూపాయలే.

ఇంకో అంకె ఉష్ణోగ్రత. చవక రౌటర్లలో ఎక్కువవాటికి పని చేసే పరిధి 0 నుంచి 40 డిగ్రీలు. వేసవిలో రేకుల కప్పు కింద, అటక మీద వేడి దానికంటే ఎక్కువే ఉంటుంది. రౌటరు మధ్యాహ్నం మాత్రమే ఆగిపోతోందంటే ముందు అది ఉన్న చోటు మార్చి చూడండి. అడాప్టరు మీద బీఐఎస్ గుర్తు, దాని కింద ‘ఆర్’ అక్షరంతో మొదలయ్యే నమోదు సంఖ్య ఉన్నాయో లేదో కూడా చూసుకోండి.

స్విచ్చి లెక్క

ఇప్పుడు చిన్న కూడికలు చేద్దాం. రెండు మెగాపిక్సెల్ కెమెరా ఒకటి సుమారు 4 ఎంబీపీఎస్ వాడుతుందనుకుంటే, ఆరు కెమెరాలకి 24. యూపీఐ చెల్లింపులు లెక్కలోకి రానంత చిన్నవి. వీటికి 100 ఎంబీపీఎస్ స్విచ్చి కూడా చాలు. అసలు బరువు కంప్యూటర్ల మధ్య పెద్ద ఫైళ్లది. 2 జీబీ లెక్కల బ్యాకప్ 100 ఎంబీపీఎస్ తీగ మీద మూడు నిమిషాలు తీసుకుంటే, గిగాబిట్ మీద 20 సెకన్లలో అయిపోతుంది. అందుకే కెమెరాలు వేరే స్విచ్చికి తగిలిస్తే, మిగతావాటికి ఎనిమిది పోర్టుల గిగాబిట్ స్విచ్చి చిన్న కొట్టుకి మంచి కొలత. ఇప్పుడు కావాల్సిన పోర్టుల కంటే రెండు ఎక్కువ ఉండేలా చూసుకోండి.

కెమెరాలకి కరెంటు కూడా నెట్ కేబుల్లోనే పంపాలంటే పీఓఈ స్విచ్చి కావాలి. పాత ప్రమాణంలో పోర్టుకి 15.4 వాట్లు, తర్వాతి దానిలో 30 వాట్లు. అయితే మొత్తం స్విచ్చికీ ఒక పరిమితి వేరే ఉంటుంది, చాలామంది దాన్ని చూడరు. ఎనిమిది పోర్టులున్నా మొత్తం 60 వాట్లే ఇవ్వగలిగితే, 10 వాట్ల కెమెరాలు ఆరు తగిలించేసరికి ఆ కోటా అయిపోతుంది. రాత్రి కెమెరా ఎర్ర దీపాలు వెలిగినప్పుడు వాడకం ఇంకా పెరుగుతుంది. అందుకే కొంత వెసులుబాటు ఉంచుకోండి.

పెద్ద ఆఫీసులు వదిలేసిన 24 పోర్టుల పాత స్విచ్చి చవగ్గా దొరుకుతుంది. కానీ అది 60 వాట్లు లాగితే నెలకి సుమారు 43 యూనిట్లు అవుతాయి. 5 వాట్ల కొత్త చిన్న స్విచ్చికి నాలుగు యూనిట్లు కూడా కావు. కొన్న ధరలో మిగిలింది కరెంటు బిల్లులో పోతుంది.

ఒక్క కేబులు ముక్కతో కొట్టంతా ఆగిన వేళ

ఊడ్చేటప్పుడు కింద వేలాడుతున్న కేబులు చివర కనబడుతుంది. ఊడిపోయిందేమోనని ఎవరో మంచి మనసుతోనే స్విచ్చిలో ఖాళీ పోర్టులో గుచ్చుతారు. దాని రెండో చివర అదే స్విచ్చిలో ఉంది. అంతే, స్విచ్చి దీపాలన్నీ ఒకేసారి పిచ్చిగా కొట్టుకుంటాయి. బిల్లు రాదు, కెమెరా కనబడదు. అందరికీ పంపమన్న ఒక్క సందేశం ఆ వలయంలో తిరిగి తిరిగి కాపీలు పెరిగిపోవడమే దీనికి కారణం. ఈథర్‌నెట్ సందేశానికి ఇన్ని మలుపుల తర్వాత ఆగిపో అనే గడువు లేదు. ఈ వలయాల్ని కనిపెట్టి మూసేసే పద్ధతిని 1985లో రేడియా పెర్ల్‌మన్ రూపొందించారు. చవక స్విచ్చిల్లో చాలావాటికి అది ఉండదు. వలయాన్ని పసిగట్టే సౌకర్యం ఉన్న స్విచ్చి ధర కాస్త ఎక్కువైనా కొనండి. కేబులు రెండు చివరలా పేరు రాసిన కాగితం అంటిస్తే ఖర్చు లేకుండానే సగం ప్రమాదం తప్పుతుంది.

కేబులు దగ్గర పీనాసితనం వద్దు

కేబులు కొనేముందు లోపలి సన్నని తీగ ఒకటి బయటికి తీసి బ్లేడుతో గీకండి. లోపలంతా ఎర్రగా ఉంటే రాగి. పైపొర పోయి తెల్లగా మెరిస్తే అది రాగి పూత పూసిన అల్యూమినియం. మొదట్లో పని చేస్తుంది. పీఓఈ కరెంటుకి వేడెక్కుతుంది, వంపుల దగ్గర విరుగుతుంది. గిగాబిట్‌కి ఎనిమిది తీగలూ కావాలి, 100 ఎంబీపీఎస్‌కి నాలుగు చాలు. అందుకే ఒక తీగ తెగితే నెట్టు ఆగకుండా వేగం మాత్రం పడిపోవచ్చు. చాలా స్విచ్చిల్లో పోర్టు దీపం రంగు మారి ఈ సంగతి చెబుతుంది. ఆ రంగుల అర్థం స్విచ్చి మీదో, దాంతో వచ్చిన కాగితంలోనో ఉంటుంది. ఒక రాగి కేబులు 100 మీటర్లు దాటకూడదు.

కొట్టు నుంచి వెనక గోడౌనుకి బయటి గాలిలో రాగి కేబులు లాగకండి. దగ్గర్లో పిడుగు పడితే ఆ తీగ విద్యుత్తుని రెండు చోట్లకీ మోసుకెళ్లి రెండు వైపులా సామాను కాల్చేస్తుంది. గాజు ఫైబర్ విద్యుత్తుని మోయదు. రెండు చివరలా విద్యుత్ సంకేతాన్ని వెలుగుగా, వెలుగుని సంకేతంగా మార్చే మీడియా కన్వర్టర్లు పెట్టి, లోహపు తీగ కలవని ఫైబర్ లాగించడం మేలు. ఒక్క పిడుగుకి పోయే సామాను ధరతో పోలిస్తే ఆ ఖర్చు పెద్దది కాదు.

తాళం వేశారా?

2016లో ‘మిరాయ్’ అనే హానికర ప్రోగ్రాం ప్రపంచమంతటా లక్షల కెమెరాల్ని, రౌటర్లని లోబరుచుకుంది. అది చేసిన పని చాలా మామూలుది. ఫ్యాక్టరీలో పెట్టిన పేర్లు, పాస్‌వర్డులు ఓ అరవై వరకు ఒక్కొక్కటే పెట్టి చూసింది. మార్చనివాళ్ల పెట్టెలన్నీ తెరుచుకున్నాయి. రౌటరు కొన్న రోజే అడ్మిన్ పాస్‌వర్డు మార్చండి. కొత్త ఫర్మ్‌వేర్ (రౌటరు లోపలి సాఫ్ట్‌వేర్) ఇంకా వస్తున్న మోడల్నే ఎంచుకోండి. వచ్చిన ఖాతాదారులకి వైఫై ఇవ్వాలనుకుంటే గెస్ట్ నెట్‌వర్క్ పెట్టండి. బిల్లింగ్ కంప్యూటరున్న వైఫై పాస్‌వర్డు ఎవరికీ చెప్పకండి.

ఒక చివరి మాట. కరెంటు పోయినప్పుడు కంప్యూటరుకి ఇన్వర్టరుంటుంది, గోడ మీది ఓఎన్‌టీకి ఉండదు. దానికీ రౌటరుకీ చిన్న యూపీఎస్ పెట్టండి. అడాప్టరు మీద రాసిన వోల్టులు సరిగ్గా కలవాలి, ఆంపియర్లు తక్కువ కాకూడదు.

బడ్జెట్ తక్కువైతే ముందు మంచి రాగి కేబులు కొనండి. తర్వాత గిగాబిట్ పోర్టులతో, కొత్త ఫర్మ్‌వేర్ అందుతున్న రౌటరు. ఆ తర్వాత వలయాన్ని పసిగట్టే ఎనిమిది పోర్టుల స్విచ్చి. వైఫై వేగం అంకెల కోసం, యాంటెన్నాల సంఖ్య కోసం అదనంగా పెట్టకండి. నెట్ ప్లాన్ పెంచే ముందు ఒక్కసారి రౌటరు తిప్పి వెనక పోర్టుల దగ్గర ఏం రాసి ఉందో చదవండి. తూము పెద్దదయ్యాకే కాలవ నీళ్లు చేనికి అందుతాయి.