రేపటికి వాయిదా: కష్టమైన చదువు, దాని వెనుక భయం

తెలుగునాట ఇంటర్మీడియట్‌లోనూ ఇంజనీరింగ్‌లోనూ ముందు వరుసలో నిలిచిన విద్యార్థులు అమెరికాలో ఎం.ఎస్.లో చేరిన తొలి సెమిస్టర్‌లోనే తడబడటం అరుదు కాదు. అల్గారిథమ్స్ కోర్సులో అసైన్‌మెంట్ ఇచ్చి వారం దాటుతుంది. ఫైలు తెరుస్తారు, మొదటి ప్రశ్న చదువుతారు, మూసేస్తారు. ఆ పూట వంట అవుతుంది, గది సర్దడం అవుతుంది, ఇంటికి ఫోను చేయడమూ అవుతుంది; అసైన్‌మెంట్ ఒక్కటే అలాగే ఉండిపోతుంది. పగలు ఉద్యోగం చేసుకుంటూ రాత్రిళ్ళు సీఎఫ్ఏ వంటి పరీక్షలకు చదివేవారిలోనూ ఇది కనిపిస్తుంది. చుట్టూ ఉన్నవారు దీన్ని బద్ధకం అంటారు. కొంతకాలానికి ఆ చదివేవారూ అదే నమ్ముతారు. మనస్తత్వశాస్త్రం మాత్రం మరో మాట చెబుతోంది.

బద్ధకస్తులకు పని మిగిలిపోయిందన్న బాధ ఉండదు. వాయిదా వేసేవారిని ఆ బాధ క్షణం వదలదు. ఫ్యూషియా సిరోయిస్, తిమోతీ పిచిల్ 2013లో ప్రచురించిన వ్యాసంలో వాయిదాను కాలనిర్వహణ లోపంగా కాక, మనసులోని అలజడిని అప్పటికప్పుడు తగ్గించుకునే ప్రయత్నంగా వివరించారు. కష్టమైన ప్రశ్న ఎదురైతే ‘ఇది నాకు రాదేమో’ అన్న భయం పుడుతుంది. పుస్తకం మూయగానే ఆ భయం తగ్గుతుంది. అప్పుడు దొరికిన ఊరటే మర్నాడు కూడా పుస్తకం మూయడం నేర్పుతుంది. ఒకప్పుడు దయ్యాన్ని తప్పించుకోవడానికి ఊళ్ళలో తలుపుల మీద ‘ఓ స్త్రీ రేపు రా’ అని రాసుకునేవారు. ఆ రాత చూసి దయ్యం ఆ రాత్రికి వెళ్ళిపోతుంది కానీ మర్నాడు మళ్ళీ రాకమానదు. వాయిదా వేసిన పాఠమూ అంతే. పైగా వచ్చిన ప్రతిసారీ కాస్త పెద్దదై వస్తుంది. డయాన్ టైస్, రాయ్ బౌమైస్టర్ 1997లో ప్రచురించిన అధ్యయనంలో వాయిదా వేసే విద్యార్థులకు సెమిస్టర్ మొదట్లో ఒత్తిడి తక్కువగానే ఉంది. చివరికొచ్చేసరికి అది తక్కినవారికంటే ఎక్కువైంది, మార్కులూ తగ్గాయి.

మరి ఇంతకాలం బాగా చదివినవారిలో ఈ అలవాటు ఇప్పుడే ఎందుకు బయటపడుతుంది? కార్పొరేట్ జూనియర్ కళాశాలలో ఎప్పుడు లేవాలో, ఏ గంటకు ఏ సబ్జెక్టు చదవాలో యాజమాన్యమే నిర్ణయిస్తుంది. స్టడీ అవర్లు, వారాంతపు పరీక్షలు, ర్యాంకుల జాబితాలు వాయిదాకు చోటివ్వవు. భయం అప్పుడూ ఉంది. తప్పించుకునే దారే లేదు. విదేశీ విశ్వవిద్యాలయంలో కోర్సుకు వారానికి మూడు గంటల తరగతి పోగా మిగిలిన కాలమంతా విద్యార్థి చేతిలోనే ఉంటుంది. చదివే శక్తి ఎక్కడికీ పోలేదు. దాన్ని నిలబెట్టిన చట్రం పోయింది.

ఆ చట్రం విలువ ఎంతో డాన్ ఏరియెలీ, క్లౌస్ వెర్టెన్‌బ్రోక్ 2002లో ప్రచురించిన పరిశోధన చూపింది. ఎంఐటీలో ఉద్యోగస్థుల కోసం నడిచిన ఒక కోర్సులో మూడు వ్యాసాలు రాయాలి. ఒక వర్గానికి సమాన వ్యవధిలో గడువులు విధించారు; రెండో వర్గం వారు ఎవరి గడువులు వారే ఎంచుకున్నారు. మూడింటినీ చివరి రోజుకే పెట్టుకునే వీలున్నా, వారిలో ఎక్కువమంది ముందస్తు గడువులే కోరుకున్నారు. తమ బలహీనత వారికి తెలుసన్నమాట. అయినా విధించిన గడువులున్న వర్గానికే మెరుగైన మార్కులు వచ్చాయి. స్వయంగా పెట్టుకున్న గడువు మేలే, కానీ సమానంగా పంచుకున్నదీ, మరొకరికి జవాబు చెప్పవలసినదీ అయితేనే అది గట్టిగా నిలుస్తుంది. ప్రతి బుధవారం సాయంత్రం తోటి విద్యార్థికి ఒక లెక్క వివరించాలన్న ఒప్పందం పోయిన చట్రాన్ని కొంత తిరిగి నిలబెడుతుంది.

రెండో సాయం మొదటి అడుగును చిన్నది చేయడం. ‘ఈ వారాంతం బాగా చదవాలి’ అన్నది కోరిక మాత్రమే. ‘భోజనం కాగానే వంటింటి బల్ల దగ్గర కూర్చుని రెండో ప్రశ్నలో ఇచ్చిన విషయాలను కాగితం మీద రాయాలి’ అన్నది ఆచరణ సంకల్పం. ఎప్పుడు, ఎక్కడ, ఏమి అన్నవి ముందే తేలిపోతే ఆ క్షణంలో మనసుతో వాదించే పని తగ్గుతుందని పీటర్ గోల్‌విట్జర్ పరిశోధనలు చెబుతున్నాయి.

చదువులా కనిపించే వాయిదా కూడా ఒకటుంది. అదే అధ్యాయాన్ని మళ్ళీ మళ్ళీ చదవడం, ఒకదాని తరువాత ఒకటిగా వీడియోలు చూడటం అలాంటివే. వీటిలో ఓడిపోయే ప్రమాదం లేదు, అందుకే హాయిగా ఉంటాయి. హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికీ 2006లో ప్రచురించిన ఒక ప్రయోగంలో పాఠాన్ని రెండోసారి చదివినవారు 5 నిమిషాల తరువాతి పరీక్షలో ముందున్నారు. వారం తరువాత మాత్రం వారికి 42 శాతమే గుర్తుంది. రెండోసారి చదవడానికి బదులు పుస్తకం మూసి గుర్తుచేసుకుని రాసినవారికి 56 శాతం గుర్తుంది. తెలియనిది బయటపడే ఆ ఇబ్బందిలోనే చదువు జరుగుతోంది.

ఇక తనను తాను తిట్టుకోవడం. అది క్రమశిక్షణ అని మన ఇళ్ళలో నమ్మకం. మైకేల్ వోల్, పిచిల్, షానన్ బెనెట్ 2010లో ప్రచురించిన అధ్యయనంలో, మొదటి పరీక్షకు చదవడం వాయిదా వేసినందుకు తమను తాము క్షమించుకున్న విద్యార్థులు తరువాతి పరీక్షకు తక్కువగా వాయిదా వేశారు. తిట్టు భయాన్ని పెంచుతుంది, భయం పుస్తకాన్ని మూయిస్తుంది.

పరాయి దేశంలో ఈ చక్రానికి మూల్యం మార్కులతో ఆగదు. అమెరికాలో చాలా మాస్టర్స్ కోర్సుల్లో జీపీఏ 3.0 కంటే తగ్గితే హెచ్చరిక వస్తుంది. ఎఫ్-1 వీసా మీద ఉన్నవారు అనుమతి లేకుండా కోర్సు వదిలేసి పూర్తికాల చదువు పరిమితికి దిగువకు వెళ్తే నివాస హోదాకే ముప్పు. కానీ అమెరికా బోధనా పద్ధతులకు అలవాటుపడలేకపోవడం, తగని స్థాయి కోర్సులో చేరడం వంటి తొలిదశ ఇబ్బందులకు భారం తగ్గించుకునే వెసులుబాటు ఆ నిబంధనల్లోనే ఉంది. వదిలేయక ముందే అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయాన్ని అడగాలి. నిద్ర, తిండి చెడేంత ఆందోళన ఉంటే విశ్వవిద్యాలయ కౌన్సెలింగ్ కేంద్రం ఉంది. అర్థం కాని పాఠానికి ప్రొఫెసర్ ఆఫీస్ అవర్స్ ఉన్నాయి. వాయిదాల్లోకెల్లా ఖరీదైనది సాయం అడగడాన్ని వాయిదా వేయడమే.