సర్పిల గెలాక్సీలలో వాయు చలనం: నక్షత్రాల ప్రతిప్రభావం – ఎన్‌జీసీ 891 సాక్ష్యం

సర్పిల గెలాక్సీలలో నక్షత్రాలు శీతల వాయు మేఘాల నుండి జన్మిస్తాయి. పుట్టిన నక్షత్రాలు మిగిలిన వాయువును స్థిరంగా ఉండనివ్వవు. ఈ ప్రతిప్రభావం స్థానిక విధ్వంసంతో ముగుస్తుందా, లేక గెలాక్సీ అంతటి వాయు పంపిణీని మారుస్తుందా అన్నది కీలక ప్రశ్న. సమీప సర్పిల గెలాక్సీలలోని అణు హైడ్రోజన్ నేటి రేటున నక్షత్రాలుగా మారితే సుమారు 200 కోట్ల సంవత్సరాలలో నిండుకోవాలి. కానీ ఆ గెలాక్సీల వయస్సు దానికి ఎన్నో రెట్లు. కనుక వాయువు ఎక్కడి నుండో తిరిగి అందుతూ ఉండాలి.

సూర్యునికి ఎనిమిది రెట్లకు మించిన ద్రవ్యరాశి గల నక్షత్రాలు సూపర్నోవాలుగా పేలుతాయి. ఒక్కొక్క పేలుడు ఇచ్చే గతిజ శక్తి సుమారు 10⁴⁴ జౌళ్లు. అయితే ఒంటరి పేలుడు తన శక్తిలో అధిక భాగాన్ని వికిరణంగా త్వరగా కోల్పోతుంది. ఒకే గుచ్ఛంలోని పేలుళ్లు వరుసగా జరిగినప్పుడే, అంతకుముందే అతినీలలోహిత కాంతి, నక్షత్ర పవనాలు పలుచబరచిన ప్రాంతంలో, మహాబుడగ ఏర్పడి పళ్లెం మందాన్ని చీల్చుకొని పైకి వస్తుంది. పైకెగసిన వాయువు చల్లబడి తిరిగి పళ్లెంపై పడుతుంది. 1976లో షాపిరో, ఫీల్డ్ ప్రతిపాదించిన ఈ ప్రక్రియకు 'గెలాక్సీ ఫౌంటెన్' అనే పేరు స్థిరపడింది. పేరు సముచితమే గాని, ఎగసిన నీరు అదే తొట్టిలో పడుతుందనే భ్రమను అది కలిగిస్తుంది.

ఆ భ్రమను పరీక్షించడానికి ఎన్‌జీసీ 891 అనువైనది. ఆండ్రోమెడా రాశిలో సుమారు 3 కోట్ల కాంతి సంవత్సరాల దూరాన ఉన్న ఈ గెలాక్సీ మనకు అంచు వైపు నుండి కనిపిస్తుంది. నెదర్లాండ్స్‌లోని వెస్టర్‌బోర్క్ రేడియో టెలిస్కోపుతో ఊస్టర్లూ, ఫ్రాటర్నలి, సాన్సిసి 2007లో ప్రకటించిన పరిశీలన ప్రకారం, దాని తటస్థ హైడ్రోజన్‌లో దాదాపు 30 శాతం పళ్లెం వెలుపలి పరివేషంలో ఉంది. పైకి పోయేకొద్దీ ఆ వాయువు పరిభ్రమణ వేగం ప్రతి కిలోపార్సెక్‌కు సెకనుకు సుమారు 15 కిలోమీటర్ల చొప్పున తగ్గుతుంది.

ఈ తగ్గుదలే చిక్కుముడి. గురుత్వానికి మాత్రమే లోబడిన మేఘం పైకెగసినప్పుడు కేంద్రం నుండి కొంత బయటికి జరుగుతుంది. కోణీయ ద్రవ్యవేగం మారదు కనుక దాని పరిభ్రమణం మందగిస్తుంది. కానీ ఫ్రాటర్నలి, బిన్నీ 2006లో చేసిన గణనలో ఈ మందగింపు పరిశీలనలో కనిపించినంత రాలేదు. సూపర్నోవాల శక్తికి కొరత లేదు; అందులో స్వల్ప భాగమే ఆ మేఘాలను ఎగరవేయడానికి చాలు. లోపించినది కోణీయ ద్రవ్యవేగాన్ని హరించే కారణం. తక్కువ కోణీయ ద్రవ్యవేగం గల పరిసర వాయువును మేఘాలు దారిలో కలుపుకుంటే లెక్క సరిపోతుందని వారు 2008లో చూపారు. అందుకు కావలసిన కొత్త వాయువు పరిమాణం ఆ గెలాక్సీ నక్షత్ర జనన రేటుకు దరిదాపుల్లోనే తేలింది. అంటే నక్షత్రాలు వెళ్లగొట్టిన వాయువే తిరిగి వస్తూ, తరువాతి తరం నక్షత్రాలకు కావలసిన ముడిసరుకును వెంట తెస్తున్నదన్నమాట. ఇది పరోక్ష నిరూపణే. పరివేషంలోని ఉష్ణ వాయువు మేఘాల వెనుక నిజంగా ఎంత వేగంగా ఘనీభవిస్తుందన్నది దాని ఉష్ణోగ్రత, లోహాంశాలపై ఆధారపడుతుంది.