తెనాలి నాటకం, తెనాలి విగ్రహం

గుంటూరు జిల్లాలో, కృష్ణా పశ్చిమ డెల్టా నడుమ ఉన్న పట్టణం తెనాలి. 2011 జనాభా లెక్కల్లో లక్షన్నర దాటింది. ఊళ్లోంచి మూడు కాలువలు పారతాయి కాబట్టి ఆంధ్రా ప్యారిస్ అని ముచ్చటగా పిలుచుకుంటారు. ప్యారిస్ పోలిక సంగతి ఎలా ఉన్నా, ఈపాటి ఊరికి ఇంత నాటకం, ఇంత శిల్పం దక్కడం తెలుగునాట అరుదే. ఈ రెండు కళలూ ఇక్కడ ప్రధానంగా రాజుల పోషణతోనో, సర్కారు గ్రాంటులతోనో బతకలేదు. టికెట్టు కొన్న జనం, చందా రాసిన వ్యాపారి, విగ్రహం కావాలని అడ్వాన్సు ఇచ్చి వెళ్లిన పొరుగూరి కమిటీ కలిసి వాటిని నడిపించారు. వాటి సత్తువకూ, వాటిలో కనబడే లోపాలకూ మూలం అక్కడే ఉంది.

బెజవాడ దగ్గర కృష్ణకు కట్టిన ఆనకట్ట 1855లో పూర్తయింది. కాలువ నీళ్లతో డెల్టా మాగాణి అయింది, వరి రైతు చేతిలో నాలుగు డబ్బులు ఆడాయి. పంతొమ్మిదో శతాబ్దం చివరికి బెజవాడ నుంచి మద్రాసు వెళ్లే రైలు తెనాలి మీదుగా నడిచింది. తర్వాత గుంటూరుకు, రేపల్లెకు లైన్లు పడి ఊరు జంక్షన్ అయింది. నాటక సమాజానికి ఇంతకంటే అనువైన చోటు ఏముంటుంది? నటులూ, తెరల పెట్టెలూ, హార్మోనియాలూ రైల్లో దిగుతాయి. కుప్పనూర్పిళ్లు అయిపోయిన రైతులు చుట్టుపక్కల ఊళ్ల నుంచి బళ్లు కట్టుకుని వస్తారు.

ఆ కాలంలో పేరు మోసిన సమాజం శ్రీరామ విలాస సభ. బాపట్లలో పుట్టిన స్థానం నరసింహారావు స్త్రీ పాత్రలకు మారుపేరు అయింది ఈ సభ నాటకాలతోనే. సత్యభామ, చిత్రాంగి, చింతామణి, రోషనార ఒకదానికొకటి పొంతన లేని పాత్రలు. గొంతు, నడక, చీరకట్టు, చూపు ప్రతి పాత్రకూ మార్చేవారు. ఆయనకు 1956లో పద్మశ్రీ వచ్చింది. ఆంధ్ర నాటక కళాపరిషత్తు 1929లో పుట్టింది కూడా తెనాలిలోనే. అందుకు పూనుకున్నవారు సురభి నాటక సమాజానికి ఆద్యుడైన వనారస గోవిందరావు. ఊరూరా తిరిగే కంపెనీని నడిపిన మనిషి, నటులందరికీ ఒక ఉమ్మడి వేదిక కావాలని ముందుగా తలచడం గమనించదగ్గ విషయం. తెనాలికి మున్సిపల్ చైర్మన్‌గా పనిచేసిన త్రిపురనేని రామస్వామి 'శంబూకవధ' నాటకం రాశారు. రామాయణ కథనే ఎదురు ప్రశ్నించిన నాటకం అది. పద్యం విని తలూపే ప్రేక్షకులతో పాటు వాదించే ప్రేక్షకులు కూడా ఈ ప్రాంతంలో ఉండేవారన్నమాట.

సమాజాల రోజులు పోయాక కాంట్రాక్టు నాటకాలు వచ్చాయి. ఇందులో స్థిరమైన బృందం అంటూ ఉండదు. కాంట్రాక్టరు ఒక్కొక్క నటుణ్ణి ఒక్కొక్క ఊరి నుంచి పిలిపిస్తాడు. రిహార్సల్ ఉండదు, అవసరమూ లేదు. 'పాండవోద్యోగ విజయాలు', 'సత్యహరిశ్చంద్ర' పద్యాలు అందరికీ కంఠతా వచ్చినవే. కరపత్రంలో ఒకటో కృష్ణుడు, రెండో కృష్ణుడు అని పేర్లు పెద్దక్షరాల్లో వేస్తారు. హరిశ్చంద్రుడైతే కాటిసీనుకు ప్రత్యేకంగా ఒక పేరున్న నటుడు దిగుతాడు. రాత్రి పదింటికి తెర లేస్తే తెల్లారేదాకా ఆట సాగుతుంది. హార్మోనిస్టు శ్రుతి పట్టి నటుడి ముఖం వైపు చూస్తుంటాడు. పద్యం చివర రాగం ఎంతసేపు లాగుతాడో అతనికీ ముందుగా తెలియదు. 'వన్స్ మోర్' అని జనం అరిస్తే చచ్చి పడి ఉన్న పాత్ర కూడా లేచి ఇంకోసారి పాడిన సందర్భాల గురించి కథలు కథలుగా చెప్పుకుంటారు. నాటకంగా చూస్తే ఇది చెడిపోవడమే. కథ, పాత్ర, సంభాషణ అన్నీ పద్యం కింద నలిగిపోయాయి. కచేరీగా చూస్తే మాత్రం, సంగీతం నేర్చుకునే వీలు లేని కూలిజనానికి కూడా మోహన, కల్యాణి, హిందోళం చెవిన పడింది ఈ పందిళ్లలోనే. టికెట్టు కొన్నవాడికి ఏది నచ్చితే అది పెరుగుతుంది. 'చింతామణి'లో సుబ్బిశెట్టి హాస్యం మూలంలో లేనంత మోటుగా పెరిగిందీ అలాగే. చివరికి ఒక సామాజిక వర్గం అభ్యంతరంతో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2022 జనవరిలో ఆ నాటక ప్రదర్శనను నిషేధించింది.

పద్యనాటకానికి భిన్నంగా, సాంఘిక నాటకాన్ని నిలబెట్టింది పరిషత్తులు. పరిషత్తు అంటే ఒక ఊరివాళ్లు ఏటా జరిపే నాటికల పోటీ. తెనాలి సరే, వీరవాసరం లాంటి ఊళ్లలో, పల్నాడులోని లింగారావుపాలెం లాంటి పల్లెలో కూడా ఇవి జరుగుతాయి. మూడు నుంచి ఐదు రోజులు, రోజుకు మూడు నాలుగు నాటికలు. ఒక్కోటి గంటకు మించకూడదు. ప్రవేశం ఉచితం. ఖర్చంతా చందాలే: రైస్ మిల్లు యజమాని, ఎరువుల కొట్టు, అమెరికాలో స్థిరపడ్డ ఊరి కుర్రాడు. వచ్చిన ప్రతి బృందానికీ ప్రదర్శన పారితోషికం ఇస్తారు. అది వ్యాను కిరాయికీ, సెట్టు సామానుకూ సరిపోతే గొప్ప. నటుల్లో చాలామంది పగలు బ్యాంకులోనో, బడిలోనో, కరెంటాఫీసులోనో పనిచేసేవారు. ఒక నాటిక ముగిసి తెర పడగానే, గోడగా నిలబెట్టిన ఫ్లాట్లు విప్పి పక్కకు లాగి, తర్వాతి బృందం మేకులు కొట్టుకునేందుకు పావుగంట, ఇరవై నిమిషాలు దొరుకుతాయి. ముందు వరసలో ముగ్గురు న్యాయనిర్ణేతలు చిన్న లైటు పెట్టుకుని మార్కులు వేస్తుంటారు. రచన, దర్శకత్వం, ఉత్తమ నటుడు, నటి, ప్రతినాయకుడు మొదలుకుని ఆహార్యం, రంగాలంకరణ దాకా బహుమతులు ఉంటాయి.

పరిషత్తులకు పెద్ద చిక్కు నటీమణుల కొరత. ఉన్న కొద్దిమందే నాలుగైదు బృందాల్లో వేషాలు వేస్తారు. అందుకే ఒకే రాత్రి ఒకావిడ ఒక నాటికలో తల్లిగా, తర్వాతి దాంట్లో కోడలిగా కనిపించడం మామూలే. నిర్వాహకులు కార్యక్రమం వేసేటప్పుడు ముందుగా చూసుకునేది ఆ నటి తేదీలే. రెండో చిక్కు రచనది. పోటీ కోసం రాసిన నాటికకు చివరి పది నిమిషాల్లో కన్నీళ్లు పెట్టించడం ఒక అలవాటుగా స్థిరపడిపోయింది. వృద్ధాశ్రమం, రైతు ఆత్మహత్య, విదేశాల్లో కొడుకు అనే ఇతివృత్తాలు ఏడాదికేడాది తిరిగి వస్తుంటాయి. మార్కులు పడతాయని తెలిశాక రచయితను తప్పుపట్టి లాభం లేదు.

నాటకం పందిరితో పాటు లేచిపోతుంది. కూడలిలో నిలిచి ఉండేది విగ్రహం, స్తూపం. తెనాలిలో వీటిలో ముఖ్యమైనది రణరంగ చౌక్. క్విట్ ఇండియా పిలుపు తర్వాత 1942 ఆగస్టు 12న ఊరు తిరగబడింది, రైల్వే స్టేషన్‌కు నిప్పంటుకుంది, పోలీసు కాల్పుల్లో ఏడుగురు చనిపోయారు. వారి గుర్తుగా నిలిపినవే ఏడు స్తూపాలు. నాయకుల బొమ్మలతో నిండిన తెలుగు పట్టణాల్లో, కాల్పులకు బలైన మామూలు మనుషుల కోసం నడిబొడ్డున ఇంత చోటు వదలడం విశేషం.

అదే ఊళ్లో విగ్రహాల తయారీ ఒక వృత్తిగా స్థిరపడింది. పద్ధతి దాదాపు అన్ని శిల్పశాలల్లోనూ ఒకటే. ముందు ఇనుప చువ్వలతో ఆకారం కట్టి, దాని మీద బంకమట్టి మెత్తి నమూనా చేస్తారు. ఈ దశలో ఆర్డరు ఇచ్చినవాళ్లు వచ్చి చూస్తారు. ముక్కు, నవ్వు, కళ్లజోడు, పంచె కుచ్చిళ్ల మీద జరిగే చర్చంతా ఇక్కడే, ఎందుకంటే మట్టిని దిద్దినంత సులువుగా తర్వాత దేన్నీ దిద్దలేరు. ఒప్పుకున్నాక ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్‌తో అచ్చు తీస్తారు. అచ్చులో రెజిన్, గాజునార పొరలు వేస్తే ఫైబర్ విగ్రహం. మైనం పోసి, దాని చుట్టూ మట్టి పూత పూసి, కాల్చి మైనాన్ని కరిగించి, ఆ ఖాళీలోకి కరిగిన లోహం పోస్తే కంచు విగ్రహం. ఫైబర్ తేలిక, చవక. పైన కంచు రంగు కొడితే దూరం నుంచి తేడా తెలియదు. ఊరూరా విగ్రహం లేవడానికి ఈ చవకే ముఖ్య కారణం. ఒకే నాయకుడి బొమ్మకు ఒకే అచ్చు పనికొస్తుంది కాబట్టి చెయ్యెత్తిన భంగిమ, అదే నవ్వు జిల్లా అంతటా కనబడతాయి.

విగ్రహాల జోరుకు అడ్డుకట్ట వేయాలని సుప్రీంకోర్టు 2013 జనవరి 18న ఒక ఉత్తర్వు ఇచ్చింది. రోడ్లు, కాలిబాటలు, ప్రజలు వాడుకునే ఇతర స్థలాల్లో విగ్రహాలకు అనుమతి ఇవ్వరాదని రాష్ట్రాలను ఆదేశించింది. ఆ తర్వాత కూడా దిమ్మెలు లేస్తూనే ఉన్నాయి. ఎన్నికల కోడ్ వచ్చినప్పుడల్లా పంచాయతీ సిబ్బంది నిచ్చెనలు వేసుకుని నాయకుల విగ్రహాలకు గుడ్డలు, గోనెసంచులు చుడతారు. ఎవరి విగ్రహమో తెలియకుండా చుట్టాలని ఉద్దేశం, కానీ ఎత్తిన చెయ్యి సంచిలోంచి కూడా ఎవరిదో చెబుతుంది.

ఈ మూసకు భిన్నంగా తెనాలిలో వచ్చినవి పాత ఇనుముతో చేసే శిల్పాలు. కాటూరి వెంకటేశ్వరరావు కుటుంబం నడిపే సూర్య శిల్పశాల వీటితో పేరు తెచ్చుకుంది. బెంగళూరు కోసం 2021లో వాళ్లు చేసిన ప్రధాని మోదీ విగ్రహం సుమారు 14 అడుగుల ఎత్తు. పారేసిన నట్లు, బోల్టులు, బేరింగులు, బండి చెయిన్లు ముడిసరుకు. వాటిని ఒక్కొక్కటిగా వెల్డింగ్ చేసుకుంటూ పోవాలి. పెద్ద పళ్ల చక్రాలు, గొట్టాలు ఒంటికి సరిపోతాయి. ముఖానికి వచ్చేసరికి చిన్న నట్టు కూడా పెద్దదిగా తోస్తుంది, చెక్కిలి ఒంపు తిరగాలంటే ఒక్కో ముక్కనూ కొలత చూసి ఏరుకోవాలి. రెండో విగ్రహానికి వాడుకునే అచ్చు ఉండదు కాబట్టి ప్రతిదీ కొత్త పనే. అదే దీని అందం, దీని ఖర్చు కూడా. దగ్గరికి వెళ్లినవాడికి ముందు నట్లు కనిపిస్తాయి, నాలుగు అడుగులు వెనక్కి వేస్తే మనిషి కనిపిస్తాడు.

ఇనుముకు శత్రువు తేమ, డెల్టాలో దానికి కొదవ లేదు. పనయ్యాక పారదర్శకమైన పూత వేస్తారు. వానకూ ఎండకూ అది చెదురుతుంది, అప్పుడు తుప్పు గీకి మళ్లీ వేయాలి. విగ్రహానికి చందాలు ఆవిష్కరణ దాకానే వసూలవుతాయి. కమిటీ లెక్కల్లో దిమ్మెకు, గ్రానైటు పలకకు, సభకు, పూలదండలకు పద్దులు ఉంటాయి గానీ, తర్వాతి ఏళ్ల పూతకు సాధారణంగా పద్దు ఉండదు.