వరద నేర్పిన పాఠం

మోతీనగర్‌లో ఓ గంట గట్టిగా వాన కురిస్తే చాలు... వీధుల్లో నీళ్లు, కదలని ఆటోలు, స్కూలు నుంచి పిల్లలు వచ్చేదాకా గుమ్మంలోనే నిలబడే అమ్మలు! కాసేపటికి నీరు తీసేస్తుంది. మరి ఎక్కడికెళ్తుంది? నాలాల్లో పడి హుస్సేన్‌సాగర్‌కి, అక్కణ్నుంచి మూసీకి. ఆ మూసీయే ఒకప్పుడు నగరానికి మర్చిపోలేని పాఠం చెప్పింది.

అది 1908 సెప్టెంబరు 28. కుండపోత వానకు నది ఊరిమీద పడింది. దాదాపు 15 వేలమంది చనిపోయారని అంచనా. అఫ్జల్‌గంజ్‌లో ఓ చింతచెట్టెక్కి సుమారు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారు.

సహాయ శిబిరాలతో సరిపెట్టుకుంటే కథ అక్కడితో ముగిసేది. కానీ నిజాం ప్రభుత్వం 1909లో ఇంజినీరు మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. ఎగువన రెండు వందలకు పైగా చెరువులు తెగడం వల్లే వరద అంత ఉద్ధృతమైందని ఆయన గమనించారు. వరదను పైనే ఆపమన్నారు. అలా మూసీపై 1920లో ఉస్మాన్‌సాగర్, ఈసీపై 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. ఊరిని ముంచిన నీళ్లే దశాబ్దాలపాటు ఊరి దాహం తీర్చాయి. 1912లో ఏర్పాటైన నగరాభివృద్ధి మండలి రోడ్లు వెడల్పు చేసింది, ఇరుకు బస్తీల స్థానంలో ఇళ్లు కట్టించింది.

విపత్తు నిర్వహణ, సుస్థిరాభివృద్ధి అంటూ నేడు వినిపించే పెద్దమాటలకు అర్థం ఇదే. కూలినదాన్ని మునుపటికన్నా మెరుగ్గా కట్టుకోవాలని 2015లో జపాన్‌లోని సెండాయ్‌లో ప్రపంచదేశాలు తీర్మానించుకున్నాయి. పేదదేశాలకు ఇది మరీ ముఖ్యం. బడికీ ఆసుపత్రికీ దాచిన డబ్బంతా ఒక్క వరదతో మరమ్మతులకే పోతుంది మరి!

ఆ పాఠం మనకు గుర్తుందా? జంట జలాశయాల చుట్టూ పది కిలోమీటర్ల మేర నిర్మాణాలపై 1996లో 111 జీవోతో ఆంక్షలు పెట్టారు. 2022లో వాటిని సడలిస్తూ మరో జీవో వచ్చింది. ఈలోగా 2020 అక్టోబరులో కుంభవృష్టి. గుర్రం చెరువు, పల్లె చెరువు కట్టలు తెగి కాలనీలు మునిగాయి. 1908లో తెగినవీ చెరువులే, 2020లో తెగినవీ చెరువులే. తేడా ఒక్కటే... ఈసారి నీళ్లకు దారిలేకుండా చెరువుల ఒడిలోనే మనం ఇళ్లు కట్టేసుకున్నాం.

చెరువును కాపాడటం ప్రభుత్వం పనే. కానీ నాలాలో చెత్తకవరు వేయకపోవడం, పెరట్లో ఓ ఇంకుడుగుంత తవ్వుకోవడం మన చేతిలో పనులు. ఇంటిమీద పడిన వాన ఇంట్లోనే ఇంకితే వీధికి అంతమేర వరద తగ్గుతుంది, బోరుకు అంతమేర నీరు పెరుగుతుంది.

ఆనాటి చింతచెట్టు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉంది. వరద వచ్చాక ఎక్కడానికి చెట్టు దొరకడం అదృష్టం. ఎక్కే అవసరం రాకుండా చూసుకోవడమే వివేకం!