ప్రాచీన కాలపు వాసనలు

రాయి మిగులుతుంది, రాగి మిగులుతుంది. కుండపెంకు వేల ఏళ్ళు మట్టిలో పడి ఉన్నా తన రూపం కోల్పోదు. వాసన అలా కాదు. అది గాలిలో పుట్టి గాలిలోనే కలిసిపోతుంది. అందువల్ల ప్రాచీన నగరాలు ఎలా కనిపించేవో కొంత ఊహించగలం గాని, అక్కడి గాలి ఎలా ఉండేదో ఊహించడం కష్టం. ఈ లోటు తీర్చాలని ఆధునిక కళాకారులు పలు విధాల ప్రయత్నించారు.

చిత్రకారుని దగ్గర రంగులే తప్ప వాసనలు ఉండవు. అయినా అల్మా టాడెమా 1888లో చిత్రించిన ఒక రోమన్ విందును చూడండి. హెలియొగాబలస్ చక్రవర్తి పైకప్పు నుంచి పూలరేకులు కురిపించగా, అతిథులు వాటి కింద మునిగిపోతుంటారు. చూస్తుంటే ఆ పూలవాసనకు మనకే ఊపిరి సలపనట్లుంటుంది. ఈ చిత్రం కోసం ఆయన చలికాలంలో దక్షిణ ఫ్రాన్సు నుంచి వారం వారం గులాబీలు తెప్పించుకున్నాడట! అయితే ఈ కథ ఉన్న ప్రాచీన గ్రంథంలో పేర్కొన్నవి వయొలెట్లు, ఇతర పూలు. గులాబీలు చిత్రకారుని ఇష్టం.

ఈజిప్టువారు మనకు కొంత ఆధారం మిగిల్చారు. 'కైఫీ' అనే ధూపం తయారుచేసే పద్ధతిని ఎడ్ఫు ఆలయం గోడల మీద చెక్కారు. తేనె, ద్రాక్షసారాయి, ఎండుద్రాక్ష, సాంబ్రాణి, బోళం, తుంగ దుంపలు, ఇలా సాగుతుంది ఆ పట్టిక. పట్టిక ఉంది కదా, ధూపం సిద్ధమైనట్లే అనుకోకండి! అందులోని కొన్ని పేర్లు ఏ మొక్కలవో పండితులు ఇంకా తేల్చలేదు.

రాతలు లేనిచోట రసాయనశాస్త్రం తోడ్పడింది. సెనెట్నాయ్ అనే స్త్రీ సుమారు 3,500 ఏళ్ళ క్రితం ఈజిప్టు రాకుమారునికి పాలిచ్చిన దాది. ఆమె ఊపిరితిత్తులను, కాలేయాన్ని భద్రపరచిన జాడీలు ఇప్పుడు జర్మనీలోని హానోవర్ మ్యూజియంలో ఉన్నాయి. అవి ఖాళీవే. అయినా లోపల అంటుకుని ఉన్న మడ్డిని గీకి పరీక్షిస్తే తేనెమైనం, నూనె, కొవ్వు, తారువంటి పదార్థం, పైన్ జాతి చెట్ల బంక కనిపించాయి. మరొకటి గుగ్గిలం వంటిదో, పిస్తా జాతి చెట్టు బంకో తేలలేదు. 2023లో ఈ ఫలితాలు వెలువడ్డాయి. వాటి ఆధారంగా ఒక పరిమళకర్త ఆ లేపనం వాసనను తిరిగి కూర్చగా, డెన్మార్కులోని ఒక మ్యూజియంలో సందర్శకులు దానిని ఆఘ్రాణించారు. వారికది కొత్త పరిమళం. ఆనాడు ఆమె బంధువులకు మాత్రం అది చావు వాసన అయి ఉండాలి. ఆ తేడాను ఏ సీసాలోనూ పట్టలేం.

ఇక సామాన్యుల వాసనల మాటేమిటి? అత్తరులు, ధూపాలు మాత్రమే తిరిగి తయారైతే తోళ్ళు పదునుచేసినవారు, చేపలు అమ్మినవారు చరిత్రలో కనిపించకుండా పోతారు. అంత ప్రాచీనం కాకపోయినా, ఇంగ్లండులోని యార్క్ నగరం ఈ విషయంలో మెచ్చదగిన పని చేసింది. అక్కడ 1976 నుంచి 1981 దాకా జరిగిన తవ్వకాల్లో వెయ్యేళ్ళనాటి వైకింగుల వీధి బయటపడింది. నేల తడిగా, గాలి చొరకుండా ఉండడంవల్ల కర్ర, తోలు, గుడ్డపీలికలు సైతం నిలిచాయి. 1984లో అక్కడే తెరిచిన ప్రదర్శనశాలలో ఆ వీధిని మళ్ళీ నిర్మించి, పొగను, చేపలను, మరుగుదొడ్డి గుంటను తలపించే వాసనలు చేర్చారు. అక్కడ పుట్టి పెరిగినవారికి అది రోజూ పీల్చే గాలి, బహుశా వారికి తెలిసేదే కాదు. ఆ గుంటల మట్టిలోనే వారి కడుపుల్లోని నులిపురుగుల గుడ్లు కూడా దొరికాయి.