మీకు తెలుసా? ఒక్క తోటకే దక్కిన ఉన్నతి

ఫ్రాన్సు దేశమున బోర్డో సీమయందలి మెడాక్ ఎర్ర ద్రాక్షాసవములకు 1855లో నిర్ణయింపబడిన ఐదు శ్రేణులలో, ద్వితీయశ్రేణినుండి ప్రథమశ్రేణికి ఎక్కిన తోట ఈనాటివరకు ఒక్కటే. అది 1853 నుండి రోత్‌షీల్డ్ కుటుంబము అధీనమున నున్న షాటో మూటన్ రోత్‌షీల్డ్.

1922లో, ఇరువదియేండ్ల ప్రాయమున, ఆ తోట భారము వహించిన ఫిలిప్ రోత్‌షీల్డ్, ఆసవమును పీపాలతోనే వర్తకుల కప్పగించు వాడుకను మాని, 1924 నాటి పంట మొదలు సమస్తమును తోటలోనే సీసాల కెక్కించి, దశాబ్దముల తరబడి పట్టు విడువక యత్నింపగా, 1973లో ఆ ఉన్నతిని ప్రకటించు ఉత్తరువుపై సంతకము చేసినవాడు నాటి వ్యవసాయమంత్రి, పిమ్మట దేశాధ్యక్షుడైన జాక్ షిరాక్. ఆ పట్టుదలను మెచ్చకుండ నుండలేము.

ఆసవమునకు వాడు ద్రాక్ష మనము తిను ద్రాక్షవంటిది కాదు. సికింద్రాబాదులోని మోండా మార్కెట్ బండ్లపై రాశులుగా పోసి అమ్ము విత్తులేని ద్రాక్ష, పలుచని తోలుతో, నోట వేసికొనగనే కరగిపోవును. మూటన్ తోటలో ప్రధానమైన కాబెర్నే సావిన్యో పండు చిన్నది, తోలు మందము. ఆ తోలునందలి వగరే ఆసవమును దశాబ్దములపాటు చెడనీయక కాపాడును.

1945 నుండి దాదాపు ప్రతి సంవత్సరము ఆ సీసా చీటీపై ఒక కళాకారుని చిత్రము వెలయుచున్నది. 2009 నాటి చీటీని చిత్రించినవాడు బొంబాయిలో జన్మించిన అనీష్ కపూర్.