పాఠం 9: స్పోర్ట్స్ కారుకు ఏ బ్రేకులు? పోత ఇనుమా, సిరామికా?

9.1 పరిచయం

ఏటవాలు రోడ్డు మీద సైకిలు దిగుతూ మీరు చాలాసేపు బ్రేకు పట్టి ఉంచారనుకోండి. కిందికి చేరాక చక్రం రిమ్మును ముట్టుకుంటే వెచ్చగా తగులుతుంది. ఈ వేడి ఎక్కడి నుంచి వచ్చింది? సైకిలు కదలికలో ఉన్న శక్తి, ఘర్షణ వల్ల ఉష్ణంగా మారింది. బ్రేకు చేసే పని ఇదే. బ్రేకు శక్తిని మాయం చేయదు, దాని రూపాన్ని మారుస్తుంది.

ఇదే సూత్రం గంటకు 200 కిలోమీటర్లకు మించిన వేగంతో పోయే స్పోర్ట్స్ కారుకూ వర్తిస్తుంది. అక్కడ పుట్టే వేడి చాలా ఎక్కువ. ఆ వేడిని తట్టుకోవడానికి కార్ల తయారీదారులు రెండు రకాల డిస్కులు ఇస్తున్నారు. ఏది మేలు? ఈ పాఠంలో చూద్దాం.

మీరు అలాంటి కారు కొనకపోవచ్చు. కాని వాహనాల మరమ్మతు పని నేర్చుకుంటున్నా, సొంత మోటారు సైకిలు నడుపుతున్నా, ఇక్కడి విషయాలు మీకు పనికి వస్తాయి. బ్రేకుల గురించిన తప్పుడు అవగాహన ప్రాణాల మీదికి తెస్తుంది.

9.2 లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తర్వాత మీరు:
– బ్రేకులో ఎంత ఉష్ణం పుడుతుందో లెక్కించగలుగుతారు;
– పోత ఇనుప డిస్కుకు, సిరామిక్ డిస్కుకు గల తేడాలు చెప్పగలుగుతారు;
– వాడకాన్నిబట్టి ఏది తగినదో కారణాలతో నిర్ణయించగలుగుతారు.

9.3 బ్రేకులో పుట్టే ఉష్ణం

కదిలే వస్తువు గతిశక్తి = ½ × ద్రవ్యరాశి × వేగం × వేగం.

1,500 కిలోల కారు గంటకు 100 కిలోమీటర్ల వేగంతో, అంటే సెకనుకు సుమారు 27.8 మీటర్ల వేగంతో పోతున్నప్పుడు దాని గతిశక్తి సుమారు 580 కిలో జౌళ్లు. వేగం గంటకు 200 కిలోమీటర్లయితే అది సుమారు 2,315 కిలో జౌళ్లు. వేగం రెండింతలైంది, శక్తి మాత్రం నాలుగింతలైంది. ఈ విషయం బాగా గుర్తుంచుకోండి.

2,315 కిలో జౌళ్లంటే ఎంత? 30 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉన్న సుమారు 8 లీటర్ల నీటిని 100 డిగ్రీలకు చేర్చగల ఉష్ణం. పొయ్యి మీద ఇందుకు చాలాసేపు పడుతుంది. కారు బ్రేకులు ఆ ఉష్ణాన్ని కొద్ది సెకన్లలోనే భరించాలి. రేసు ట్రాక్ మీద ప్రతి మలుపు దగ్గరా ఇలాంటి పనే మళ్లీ మళ్లీ జరుగుతుంది.

9.4 రెండు రకాల డిస్కులు

(అ) పోత ఇనుప డిస్కు: వాడుకలో దీన్ని 'స్టీలు డిస్కు' అంటారు. నిజానికి చాలా కార్లలో ఇది ఉక్కు కాదు, పోత ఇనుము. ఇది చవక, ఉష్ణాన్ని బాగా ప్రసరింపజేస్తుంది, అచ్చుపోసి తయారు చేయడం తేలిక. దీనికి బరువు ఎక్కువ. వానలో, తేమలో తుప్పు పడుతుంది. మితిమీరి వేడెక్కితే పగుళ్లు రావచ్చు.

(ఆ) సిరామిక్ డిస్కు: పేరు విని ఇది పింగాణీ పళ్లెం లాంటిదనుకోకండి. కార్బన్ పోగులను రెజిన్‌తో కలిపి అచ్చులో నొక్కి, గాలి తగలకుండా కాలుస్తారు. అప్పుడు సన్నని రంధ్రాలున్న కార్బన్ దిమ్మ మిగులుతుంది. అందులోకి కరిగిన సిలికాన్‌ను ఇంకిస్తారు. సిలికాన్ 1,414 డిగ్రీల దగ్గర కరుగుతుంది. అది కార్బన్‌తో కలిసి సిలికాన్ కార్బైడ్ అనే అతి గట్టి పదార్థంగా మారుతుంది. ఈ తయారీకి చాలా సమయం, ఇంధనం అవసరం కాబట్టి ధర ఎక్కువ.

2001లో పోర్షే 911 జిటి2 కారును సిరామిక్ డిస్కులతోనే అమ్మారు. ఆ తరువాత ఇతర స్పోర్ట్స్ కార్లలోనూ ఇవి వచ్చాయి. చాలా కార్లలో వీటిని అదనపు ధర చెల్లించి ఎంచుకోవాలి.

మీకు తెలుసా? ఫార్ములా 1 కార్ల డిస్కులు సిరామిక్‌వి కావు. అవి కార్బన్‌లో కార్బన్ పోగులు కలిపి చేసినవి. చల్లగా ఉన్నప్పుడు అవి సరిగా పట్టవు. అందువల్ల మామూలు రోడ్లకు పనికిరావు.

9.5 బరువు తగ్గితే ఏం లాభం?

సిరామిక్ డిస్కు బరువు అదే పరిమాణం గల ఇనుప డిస్కు బరువులో సుమారు సగం. పెద్ద స్పోర్ట్స్ కారులో నాలుగు చక్రాలకూ కలిపి 15 నుంచి 20 కిలోల వరకు తగ్గవచ్చు. ఈ బరువు స్ప్రింగులకు దిగువన, చక్రంతోపాటు ఎగిరిపడే బరువు. అది తగ్గితే ఎగుడుదిగుడు రోడ్డు మీద చక్రం నేలను వదలకుండా అంటిపెట్టుకుంటుంది.

9.6 రెండు అపోహలు

మొదటి అపోహ: 'సిరామిక్ డిస్కు తక్కువ వేడెక్కుతుంది.' లెక్క వేసి చూద్దాం. 10 కిలోల ఇనుప డిస్కు ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెరగడానికి సుమారు 5 కిలో జౌళ్లు కావాలి. అదే పరిమాణం గల 5 కిలోల సిరామిక్ డిస్కుకు సుమారు 4 కిలో జౌళ్లు చాలు. అంటే ఒకే మోతాదు ఉష్ణానికి సిరామిక్ డిస్కే ఎక్కువ వేడెక్కుతుంది! దాని గొప్పతనం వేడెక్కకపోవడంలో లేదు, ఆ వేడికి వంగకుండా, పట్టు కోల్పోకుండా నిలవడంలో ఉంది. అందుకే చాలా కార్లలో సిరామిక్ డిస్కులను కాస్త పెద్దవిగా చేస్తారు. 2013లో వచ్చిన పోర్షే 911 జిటి3లో ముందు ఇనుప డిస్కు వ్యాసం 380 మిల్లీమీటర్లు, సిరామిక్ డిస్కు వ్యాసం 410 మిల్లీమీటర్లు.

రెండో అపోహ: 'సిరామిక్ బ్రేకులున్న కారు చాలా తక్కువ దూరంలో ఆగుతుంది.' మంచి ఇనుప బ్రేకులు కూడా చక్రాన్ని పూర్తిగా బిగించి ఆపేయగలవు. అంతకుమించి బ్రేకు చేయగలిగింది లేదు. ఆ తరువాత కారును ఆపేది టైరుకూ రోడ్డుకూ మధ్య ఉన్న ఘర్షణే. ఘర్షణ గుణకం 1 అయితే గంటకు 100 కిలోమీటర్ల వేగం నుంచి ఆగడానికి సుమారు 39 మీటర్లు పడుతుంది, డిస్కు ఏదైనా సరే. తేడా తెలిసేది పదోసారి, ఇరవయ్యోసారి గట్టిగా బ్రేకు వేసినప్పుడే. అరిగిన టైర్లు ఉంచుకుని ఖరీదైన డిస్కులు వేయించడం వల్ల ప్రయోజనం లేదు.

పాఠగత ప్రశ్నలు 9.1
1. కారు వేగం మూడింతలైతే దాని గతిశక్తి ఎన్ని రెట్లవుతుంది?
2. ఒక్కసారి బ్రేకు వేసి ఆపినప్పుడు రెండు రకాల డిస్కుల మధ్య ఆగే దూరంలో పెద్ద తేడా ఎందుకు ఉండదు?

9.7 ఎలా ఎంచుకోవాలి?

ఇద్దరు కొనుగోలుదారులను ఊహించుకోండి.

మొదటి వ్యక్తి కారును రోడ్డు మీదే నడుపుతాడు. రేసు ట్రాక్‌కు వెళ్లడు. అతనికి సిరామిక్ డిస్కులు చాలా ఏళ్లు మన్నుతాయి, తుప్పు పట్టవు, చక్రాలపై నల్లటి పొడి తక్కువగా పడుతుంది. అయితే అతని బ్రేకులు ఎన్నడూ అంత వేడెక్కవు. కాబట్టి సిరామిక్ అతనికి సౌకర్యమే కాని అవసరం కాదు.

రెండో వ్యక్తి తరచు ట్రాక్‌కు వెళ్తాడు. గ్రేటర్ నోయిడాలో 2011లో ప్రారంభమైన బుద్ధ్ ఇంటర్నేషనల్ సర్క్యూట్ వంటి చోట పొడవైన తిన్నని దారి చివర గట్టిగా బ్రేకు వేయాలి. ఇతనికి సిరామిక్ తప్పనిసరి అనిపిస్తుంది కదా? కాని ఇలాంటివారిలో చాలామంది ఇనుప డిస్కులనే ఎంచుకుంటారు. ఎందుకు? బాగా వేడెక్కినప్పుడు సిరామిక్ డిస్కులోని కార్బన్ గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి నెమ్మదిగా కాలిపోతుంది. డిస్కు మందం తగ్గకపోయినా బరువు తగ్గుతుంది. కారు దారి తప్పి కంకరలోకి దిగితే రాళ్లు తగిలి, లేదా చక్రం ఊడదీసేటప్పుడు తగిలి, డిస్కు అంచు పెచ్చులూడవచ్చు. అప్పుడు కొత్త డిస్కు వేయాలంటే ఖర్చు చాలా ఎక్కువ. ఇనుప డిస్కు అరిగితే తక్కువ ఖర్చుతో మార్చుకోవచ్చు, పనికి తగిన ప్యాడ్లు కూడా తేలికగా దొరుకుతాయి.

గమనిక: ఇనుప డిస్కు అరుగుదలను మందం కొలిచి తెలుసుకుంటారు. సిరామిక్ డిస్కు విషయంలో మందంతోపాటు డిస్కు మీద ముద్రించిన కనీస బరువును కూడా చూడాలి. మెకానిక్ ఈ సంగతి మరిచిపోతే పాడైన డిస్కు బాగున్నట్లే కనిపిస్తుంది.

9.8 మన వాహనాలకు వర్తించేది

దుకాణంలో 'సిరామిక్ ప్యాడ్లు' అని అమ్మేవి వేరు. అవి ఇనుప డిస్కుకు వేసే ఒక రకం ప్యాడ్లు మాత్రమే. వాటిని వేయించినంత మాత్రాన బ్రేకులు సిరామిక్ బ్రేకులు కావు.

డిస్కు ఏదైనా, వెనక పనిచేసేది బ్రేకు ద్రవం. డాట్ 4 రకం కొత్త ద్రవం కనీసం 230 డిగ్రీల వరకు మరగకూడదని ప్రమాణం. ఈ ద్రవం గాలిలోని తేమను పీల్చుకుంటుంది. తేమ చేరిన ద్రవానికి ప్రమాణం 155 డిగ్రీలే. ద్రవం మరిగితే గొట్టంలో ఆవిరి బుడగలు ఏర్పడతాయి. పెడలు నొక్కితే బుడగలు నలుగుతాయి తప్ప ఒత్తిడి ప్యాడ్లకు చేరదు. ఘాట్ రోడ్డు దిగుతున్నప్పుడు పెడలు మెత్తగా లోపలికి పోవడానికి ఇదొక ముఖ్య కారణం. లక్షలు పోసిన డిస్కు కూడా అప్పుడు కాపాడలేదు. కాబట్టి తయారీదారు చెప్పిన గడువుకు ద్రవం మార్పించండి. ఘాట్ దిగేటప్పుడు తక్కువ గేరు వాడండి.

9.9 మీరు నేర్చుకున్నది

బ్రేకు గతిశక్తిని ఉష్ణంగా మారుస్తుంది. సిరామిక్ డిస్కు తేలిక, ఎక్కువ వేడిని తట్టుకుంటుంది, ధర ఎక్కువ. ఇనుప డిస్కు బరువు, చవక, మార్చడం తేలిక. ఏ వస్తువునైనా ఎంచుకునే ముందు 'ఏది గొప్పది?' అని కాక 'నా పనికి ఏది తగినది? పాడైతే మార్చుకోగలనా?' అని అడగాలి.

కృత్యం: మీ దగ్గరలోని మెకానిక్‌ను కలవండి. బ్రేకు ద్రవం ఎప్పుడు మార్చాలో, డిస్కు మందం దేనితో కొలుస్తారో అడిగి నోటు పుస్తకంలో రాయండి.

పాఠగత ప్రశ్నలకు జవాబులు 9.1
1. తొమ్మిది రెట్లు.
2. రెండు రకాల బ్రేకులూ చక్రాన్ని బిగించి ఆపగలవు. ఆగే దూరాన్ని నిర్ణయించేది టైరుకూ రోడ్డుకూ మధ్య ఉన్న ఘర్షణ.